ముత్యముల నడుమ ముడి

అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనమునకు వెళ్ళు భక్తులు, గుడి ముందు పూలమ్ము స్త్రీల యెదుట ఒక్క క్షణము నిలిచి వారి చేతుల వంక చూచినచో ఒక విశేషము కనబడును. పూలదండను గురించి మన తెలుగులో రెండు మాటలున్నవి. ఒకటి గుచ్చుట; రెండవది కట్టుట. బంతిని, చామంతిని సూదితో గుచ్చుదురు. మల్లెను, సన్నజాజిని దారముతోనో అరటినారతోనో కట్టుదురు. గుచ్చిన దండ త్వరగా తయారగును. చూపునకు నిండుగా కూడ నుండును. కాని ఏ ఒక్కచోట దారము తెగినను పూలన్నియు వరుసగా జారి నేలపాలగును. కట్టిన దండకు ఆ భయము లేదు. తెగినచోట నాలుగు పూలు రాలిన రాలవచ్చును గాని, తక్కినవి దేని ముడిలో అది నిలిచియుండును.

పూలదండ సాయంకాలమునకు వాడునట్టిదే. దాని నష్టము మరునాటి పూలతో తీరిపోవును. తరతరములు నిలువవలసిన ముత్యాల దండ సంగతి అట్లు కాదు. అందుచేత ఆ విద్య తెలిసినవారు గుచ్చుటతో తృప్తిపడక, ఒక్కొక్క ముత్యము తరువాత ఒక్కొక్క ముడి వేయుదురు. అప్పుడది గుచ్చిన దండయు, కట్టిన దండయు కూడ నగును. ఈ చిన్న ముడిని గురించియే ఈ వ్యాసము. భక్తిపత్రికలో నగల ప్రస్తావన యేమని పాఠకులు శంకింపవచ్చును. ముడి యన్నది మన శాస్త్రములలో సామాన్యమైన మాట కాదు గనుక, కొంచెము ఓర్చి చదువుడని మనవి.

ముత్యము రాయి కాదు. చిప్పలోని జీవి తన ఒడలిలో చేరిన అన్యపదార్థము చుట్టును పొర మీద పొరగా స్రవించిన ద్రవ్యమే గట్టిపడి ముత్యమగుచున్నది. నవరత్నములలో దీనిని లెక్కించుచున్నను, తక్కిన రత్నములలో పెక్కింటికున్న కాఠిన్యము దీనికి లేదు. ఖనిజముల గట్టితనమును 1 నుండి 10 వరకు కొలుచు మోస్ కొలమానములో వజ్రము 10 కాగా, ముత్యము రెండున్నర నుండి నాలుగున్నర లోపల నుండును. చెమట, పులుపు, అత్తరు దీనికి శత్రువులు. ముత్యమును ముత్యము ఒరసికొన్నచో రంధ్రముల వద్ద పొర లేచి కాంతి తగ్గును. అంతేకాక ఆ రంధ్రపు అంచు వాడియైనది. దండ కదలినప్పుడెల్ల అది లోపలి పట్టుదారమును కొంచెము కొంచెముగా కోయుచుండును. ముడి ఈ రెండు కీడులను వారించును. ముత్యమును ముత్యమునకు తగులనీయదు, దారముపై జారనీయదు.

ముత్యమును చెరచునది ఎక్కడనో ఉన్న వజ్రము కాదు, పక్కనున్న సాటి ముత్యమే! సంసారులకు ఈ మాట వివరింప నక్కరలేదు.

తెలుగువారికి ముత్యములనగనే హైదరాబాదులోని పత్తర్‌గట్టి అంగళ్ళు గుర్తునకు వచ్చును. పూర్వము అచటికి పర్షియన్ గల్ఫ్ నుండి బస్రా ముత్యములు వచ్చెడివి. 1893లో జపాను దేశీయుడు మికిమోతో కోకిచి చిప్పలలో ముత్యమును పెంచుటలో మొదటి విజయము పొందెను. తరువాతి దశాబ్దములలో సహజముత్యముల వ్యాపారము క్షీణించినది. మన దేశములోను 1973లో తూత్తుకుడిలో శాస్త్రజ్ఞులు ముత్యములను పెంచగలిగినారు. పెంచిన ముత్యమైనను, దానంతట పుట్టిన ముత్యమైనను, ముడి అవసరము మాత్రము సమానమే.

ఇక సంశయము. మన వేదాంతము ముడిని మెచ్చుకొన్నదా? పరబ్రహ్మమును దర్శించినవానికి హృదయములోని ముడి విడిపోవునని ముండకోపనిషత్తు చెప్పుచున్నది. హృదయగ్రంథులన్నియు తెగినపుడే మర్త్యుడు అమృతుడగునని కఠోపనిషత్తు చెప్పుచున్నది. గ్రంథి యనగా ముడి. అది తెంచవలసినది. గీతలో ఏడవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ, ఈ సమస్తమును దారమునందు మణులవలె తనయందు కూర్చబడియున్నదని అర్జునునితో చెప్పినాడు. ఆ ఉపమానములో మణులున్నవి, దారమున్నది. ముడి మాట లేదు. బృహదారణ్యకములో ఉద్దాలక ఆరుణి, ఈ లోకమును పరలోకమును సర్వభూతములను కూర్చియుంచిన సూత్రమేదో తెలియునా యని యాజ్ఞవల్క్యుని అడిగినాడు. వాయువే ఆ సూత్రమని సమాధానము. అందుచేతనే మరణించినవానిని చూచి అతని అంగములు సడలిపోయినవందురని కూడ అచట చెప్పబడినది. అక్కడను ముడి కనబడదు.

ఆచారమును చూడబోయిన, ముడి లేక ఏ శుభకార్యమును జరుగదు. యజ్ఞోపవీతమునకు బ్రహ్మగ్రంథి కావలెను. మంగళసూత్రమునకు మూడు ముళ్ళు కావలెను. వధూవరుల కొంగులకు బ్రహ్మముడి కావలెను. జపమాలలో పూసకు పూసకు నడుమ ముడి వేయుదురు. వ్రేలు ఒక నామము వద్ద ఆగి మరియొక నామమునకు కదలుట దానివలన తెలియును. గ్రంథమన్న మాటయు ఈ ముడికి సంబంధించినదే. తాటాకులను త్రాడుతో కట్టి మన పూర్వులు కాపాడినందున గదా, ముడిని తెంచుమన్న ఉపనిషత్తు కూడ మనకు దక్కినది!

ఈ రెండును ఎట్లు పొసగును? ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన కలుగలేదు. మా యింటిలో తెగిన ఒక దండవలన కలిగినది. ఆ తెగుటలో నా దోషము కలదు గనుక, ఆ కథ చెప్పుకొనక తప్పదు.

మా తల్లిగారికి పుట్టినింటివారు పెట్టిన ఒంటిపేట ముత్యాల దండ ఒకటి ఉండెడిది. 63 ముత్యములు. ఆమె పోయిన తరువాత అది పెద్దకోడలైన మా వదినగారి మెడలోనికి వచ్చినది. దారము నలుపెక్కి సాగినందున, దానిని మరల గుచ్చించు పని నాకు అప్పగించినారు. విజయనగరములో ముత్యములు, పూసలు గుచ్చు ఒక వృద్ధుని వద్దకు తీసికొనిపోయినాను. ఆయన పాత దండను వ్రేళ్ళతో తడవి, "అమ్మగోరు ముడులేయించుకున్న దండిది. మళ్ళీ ముడులెయ్యమంతారా బాబూ?" అని అడిగినాడు. ముడులు వేయుటకు రెండు దినములు పట్టునన్నాడు, కూలియు హెచ్చే. నేను ఆ సాయంకాలమే ఆముదాలవలస వెళ్ళు రైలు అందుకొనవలసియున్నది. ముడులు లేనిచో ముత్యములు దగ్గరగా చేరి మరింత నిండుగా కనబడునన్న ఆలోచన కూడ తోచినది. "ముడులక్కరలేదు, ఉత్త దారముతో గుచ్చి ఇవ్వండి" అన్నాను. ఆయన మరేమియు అనలేదు. గంటలో దండ నా చేతికి వచ్చినది. కొంచెము పొట్టియైనది గాని, ఇంటిలో ఎవరును గమనింపలేదు.

రెండు సంవత్సరములు గడచినవి. శ్రీరామనవమినాడు కుటుంబమంతయు రామతీర్థము వెళ్ళినాము. కల్యాణమునకు చేరిన జనసమ్మర్దములో, మా వదినగారి చంకనున్న మా తమ్ముని పిల్లవాడు దండను పట్టి లాగినాడు. భద్రాచలమున కల్యాణవేళ స్వామివారి శిరస్సుపై రాలు ముత్యాల తలంబ్రాలు మంగళకరములు. మెడలోని దండనుండి రాలుట అట్లు కాదు. మేళతాళముల సందడిలో ముత్యములు రాతినేలమీద పడిన చప్పుడు మాకు వినబడనే లేదు. పాదముల క్రింద ఏదో దొరలినట్లు తోచి చూచుకొన్నాము. ఎరుగనివారెందరో వంగి ఏరి యిచ్చినారు. ఒక ముసలమ్మ కొంగున నాలుగు ముత్యములు తెచ్చి యిచ్చి, పేరైనను చెప్పక వెళ్ళిపోయినది. మా తమ్ముని భార్య మోకాళ్ళమీద కూర్చుండి, జనుల కాళ్ళ నడుమ చేయి పెట్టి, అందరికంటె ఎక్కువ ఏరినది. ఇంటికి వచ్చి లెక్కించగా 58. అయిదు లేవు.

అంత జనములో అయిదు ముత్యములు పోవుట వింత కాదు. కాని యింటిలో మాట వేరుగా పుట్టినది. ఎక్కువ ఏరినవారి కొంగులోనే ఆ అయిదును మిగిలియుండవచ్చునని మా వదినగారు ఒకనాడు వంటింటిలో అన్నారట. అన్న మాట అటు చేరినది. మా మరదలు జవాబు చెప్పలేదు. పిల్లవానిని వదినగారి చేతికి ఇచ్చుట మాత్రము మానివేసినది. పండుగలకు ఒకే పంక్తిలో వడ్డించుచు, పప్పు, పులుసు అన్న మాటలు తప్ప మరొక మాట లేక వారిద్దరును మూడు సంవత్సరములు గడపినారు.

ముడులు వద్దన్నవాడను నేనని వారికి తెలియదు. నేను చెప్పలేదు. ముడులుండిన యెడల, దారము తెగినను ఒక ముత్యము రాలును, మించిన రెండు. తక్కిన దండ చేతిలో నిలిచియుండెడిది. ఎవరు ఎన్ని ఏరినారన్న ప్రశ్నయే పుట్టకుండెడిది. కొంచెము కూలియు, ఒక రైలును చూచుకొని నేను వదలుకొన్న 62 ముడులు, ఏ పాపమెరుగని మరదలిమీద నిందయై పడినవి. నేను అబద్ధమాడలేదు గదా యని చాలకాలము సమాధానపడినాను. నన్నెవరును అడుగలేదు గదా యని కూడ అనుకొన్నాను. అడుగనివారికి చెప్పకుండుట అసత్యము కాదని మనస్సునకు నచ్చజెప్పుట ఎంత సులువో, అనుభవించినవారికి తెలియును.

ఉద్యోగ విరమణ పొందిన పిమ్మట, ఆ 58 ముత్యముల మూటను వదినగారి నడిగి తీసికొని, మరల ఆ వృద్ధుని వద్దకు వెళ్ళినాను. ఈసారి గుచ్చి యిమ్మనలేదు, నేర్పుమని అడిగినాను. "ఈ వొయసులో మీకిదేటి సరదా మేష్టారూ?" అని నవ్వినాడు. కారణము చెప్పినాను. ఆయనకు చెప్పుట కష్టము కాలేదు. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఆనాడు నేనైనా గట్టిగా సెప్పుండాల్సింది" అని, ఒక సీసాలోని గాజుపూసలను, నూలుదారపు ఉండను నా ముందు పెట్టినాడు.

ఇది చేతి విద్య. చెప్పుట ఎంత తేలికో చేయుట అంత కష్టము. దండ పొడవునకు నాలుగైదు రెట్ల దారము కావలెను. పట్టుదారమును ముందునాటి రాత్రియే కొసకు బరువు కట్టి వ్రేలాడదీయుదురు. "సాగీదేదో ఇప్పుడే సాగిపోవాల. మెళ్ళోకెళ్ళేక సాగకూడదు" అన్నాడాయన. దారపు మొనను జిగురుతో గట్టిచేసి, రెండు పోగులు కలిపి ముత్యములోనుండి తీసి, రెండు వ్రేళ్ళమీద ఉచ్చు వేసి, ఆ ఉచ్చులోనుండి ముత్యమును దారమును దూర్చవలెను. ఇంతవరకు ఎవరైనను చేయగలరు. ఆ ఉచ్చు బిగియకముందే దానిలో ఒక సన్నని సూది నుంచి, ఆ సూదితో ముడిని మెల్లగా నడిపించుకొనివచ్చి ముత్యమునకు ఆనించి, అప్పుడు సూదిని తీసి, గోటితో నెట్టి, రెండు పోగులను చెరియొక వైపునకు లాగి బిగింపవలెను. సూది ఒక్క క్షణము ముందు వచ్చినదా, ముడి దారిలోనే బిగిసిపోవును. ముత్యమునకు ముడికి నడుమ ఖాళీ మిగులును. సన్నని పట్టులో బిగిసిన ముడిని విప్పుట దాదాపు అసాధ్యము. కత్తిరించి మొదటినుండి ఆరంభింపవలసినదే.

మొదటి వారము నేను వేసిన ప్రతి ముడియు దారిలోనే బిగిసినది. ముప్పది యేండ్లు పిల్లలకు తొందరపడరాదని చెప్పిన నా చేతులకు ఆ మాట చేరలేదని అప్పుడు తెలిసినది.

రెండవ వారము ఖాళీలు పోయినవి గాని, దండ వంకరటింకరగా నిలిచినది. ఆయన దానిని ఎత్తి చూపి, "మరీ బిగించీసినారు. దండ కర్రలాగ నిలబడిపోతాది. అలాగని వొదిలీసినా, గుచ్చీదానికీ దీనికీ తేడా ఏటి? ముత్యం తిరగాల, నడవకూడదు" అన్నాడు. ఆ మాట నా చెవిలో నిలిచిపోయినది. ముడి రంధ్రములోనికి జారనంత పెద్దదిగా నుండవలెను. ముత్యముల నడుమ కంటికి కనబడనంత చిన్నదిగా నుండవలెను. చేసినవాని పేరు దానిలో కనబడదు. మన పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి నూరవ నంబరు నూలు వడకుచున్నారు. కట్టుకొన్న పంచెలో ఆ దువ్వుట ఎవరికి కనబడును? నేర్చుకొన్న తరువాతనే, ఆనాడు ఆయన నన్ను రెండు దినముల గడువు ఎందుకు అడిగెనో బోధపడినది.

ఆ అభ్యాసములో నుండగానే పైన చెప్పిన సంశయమునకు నాకు తోచిన సమాధానమిది. పెద్దలు తప్పులున్న దిద్దవలెను.

వేదాంతులు చిజ్జడగ్రంథి యని ఒక ముడిని చెప్పుదురు. చిత్తు అనగా చైతన్యము. జడము అనగా దేహాదులు. ఈ రెండును ఒకటేయని భ్రమింపజేయు ముడి అది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమును ప్రారంభించుచు ఈ కలగాపులగమునే అధ్యాసమని విచారించినారు. ఆ ముడి రెండింటిని ఒకటిగా చూపి, ఏది ఏదో తెలియకుండ చేయును. కనుక తెంచవలసినదే. ముత్యముల నడుమ ముడి చేయు పని దీనికి సరిగా విరుద్ధము. అది ఏ రెండు ముత్యములను కట్టుట లేదు. దారమును దారముతోనే కట్టుచున్నది. ముత్యమును ఆనుకొనునే గాని పట్టుకొనదు. ఇది యొక ముత్యము, అది మరియొక ముత్యము, రెండింటిని మోయునది ఒకే దారము అని వేరువేరుగ నిలిపి చూపును. మొదటిది అవివేకపు ముడి. రెండవది వివేకపు ముడి. శాస్త్రము తెంచుమన్నది మొదటిదానిని.

మరి గీతలోని దారమునకు ముడి యేల చెప్పలేదు? ఆ దారము తెగునది కాదు. తెగని దారమునకు ముడి ఎందులకు? మనము పేనుకొను దారములు, అనగా కుటుంబము, స్నేహము, ఊరు, ఇవన్నియు ఎంత మేలైనవైనను పట్టుదారములే. సాగును, నలుపెక్కును, తెగును. తెగువాటికే ముడి కావలెను.

ఇట్లనగా, కలిసి బ్రతుకువారు ఒకరికొకరు దూరముగ నుండవలెననియా? ఒక మిత్రుడు నన్ను ఇట్లే ఆక్షేపించినాడు. ప్రేమయున్నచోట నడుమ ముడి యేమిటి, అది పరాయితనము గాదా యని ఆయన వాదము. నేనును యౌవనములో అట్లే అనుకొన్నవాడనే. కాని మన భాషలో మర్యాద యన్న మాటకు మొదటి అర్థము హద్దు, గట్టు. శ్రీరామచంద్రుని మర్యాదాపురుషోత్తముడని కొలుచుచున్నాము. ప్రేమలో ఆయన ఎవరికి తీసిపోయినాడు? వెన్నతో సమానమైన మనస్సులకు కూడ నడుమ ఒక హద్దు కావలెను. అడిగి తీసికొనుట, తీసికొన్నది చెప్పుట, లెక్క తప్పినపుడు ఎవరి వలన తప్పినదో ఆనాడే పైకి చెప్పివేయుట, ఇవి చిన్న చిన్న ముడులు. మా యింట చాలని ముడి ఈ చివరిది. దానిని వేయవలసినవాడను నేను.

ముడినైనను శాశ్వతమనుకొనరాదు. వాడుకలో నున్న దండను కొన్ని సంవత్సరములకు ఒకసారి విప్పి, దారము మార్చి, ముడులన్నియు మరల వేయవలసినదే. ఆ వృద్ధుడు తాను వేసిన ముడులనే కత్తెరతో తెంచుచున్నప్పుడు ఆయన ముఖమున ఏ మార్పును నేను చూడలేదు. ముత్యములను మాత్రము ఒక్కటి జారకుండ తడిగుడ్డమీద వరుసగా నిలిపెడివాడు.

నెల దినములు దాటిన తరువాత అసలు ముత్యములను నా చేతికి ఇచ్చినాడు. 57 ముడులు వేయుటకు నాకు అయిదు దినములు పట్టినది; రెండుమార్లు సగము వరకు వచ్చి కత్తిరింపవలసివచ్చినది. పూర్తియైన దండను కొలిచి చూచినాము. ఒక్కొక్క ముడి అర మిల్లీమీటరు ప్రమాణము. అన్నియు కలిసి సుమారు మూడు సెంటీమీటర్లు. మా ముత్యములు ఆరు మిల్లీమీటర్ల లావువి. పోయిన అయిదును కలిపినను అంతే. తెగిన దండ పొడవెంతో, ఈ దండ పొడవును అంతే వచ్చినది. "సరిపోనాది మేష్టారూ" అన్నాడు వృద్ధుడు. కూలి యిమ్మని అడుగలేదు; నేర్పినందుకు తీసికొన్నాడు.

ఆ రాత్రి భోజనములైన తరువాత మా వదినగారిని, మరదలిని కూర్చుండబెట్టి దండను వారి నడుమ పీటమీద నుంచినాను. "ఆనాడు ముడులు వేయిస్తారా యని ఆయన అడిగితే, వద్దన్నవాణ్ణి నేను. లాగినది పిల్లవాడే గాని తప్పు వాడిది కాదు. ముత్యాలు పోవడంలో నీ తప్పు ఏమీ లేదమ్మా" అని మరదలితో చెప్పినాను. వదినగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఈ మాట ఆ రోజే చెబితే ఏం పోయేది నాయనా?" అన్నారు. దానికి నా యొద్ద జవాబు లేదు. ఇప్పటికిని లేదు.

మా మరదలు దండను దీపము వద్దకు తీసికొనిపోయి, బొటనవ్రేలి గోటితో ఒక్కొక్క ముడిని తడవుచు చివరివరకు వెళ్ళినది. "యాభై ఏడున్నాయి బావగారూ" అన్నది. దండను తిరిగి పీటమీద పెట్టలేదు. లేచి తోడికోడలి వెనుకకు వెళ్ళి, తానే మెడలో వేసి, కొక్కెము తగిలించినది.